బొట్టు మర్చిపోయిన బొమ్మ

పోయిన నెల మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ వచ్చింది. మా పిన్ని కొడుకు పెళ్లి ఫొటోని ఎవరో ఏదో యాప్‌లో పెట్టి ‘చెరియాల్ స్టైల్’లోకి, అంటే తెలంగాణలో గుడ్డ మీద వేసే కథల పటాల తీరులోకి, మార్పించారు. వెనక ఎర్రటి ఎరుపు, చేపల్లాంటి కళ్లు, పెళ్లికొడుక్కి కోరమీసం, అక్షింతల పళ్లెం పట్టుకున్న మా పెద్దత్తయ్య అచ్చం పటం కథలో దేవతలా నిలబడి ఉంది. అరనిమిషం పట్టిందట. గ్రూపంతా దండాలు, గుండెకాయలు. కాసేపయ్యాక మా బాబాయి నా పేరు పెట్టి రాశాడు: “ఏమ్మా, నువ్వు నెలరోజులు నడుం వంచి చేసేది ఇదేగా?” చివర నవ్వుమొహం పెట్టాడు కాబట్టి కోప్పడే హక్కు కూడా నాకు లేకుండా పోయింది.

బొమ్మ బాగాలేదని అనలేను. బాగుంది. కానీ రాత్రి దాన్ని పెద్దది చేసి చూస్తుంటే ఎక్కడో పంటికింద రాయి తగిలినట్టుంది. ఏమిటో అంతు చిక్కలేదు. పొద్దున్నే కాఫీ కలుపుతుంటే తట్టింది. బుగ్గలు! పెళ్లికూతురి బుగ్గ మీద గులాబీరంగు మెల్లగా పలచబడుతూ చెవిదాకా వెళ్లి పసుపులో కలిసిపోయింది. చెరియాల్ బొమ్మలో అలా జరగదు. ముఖమంతా ఒకటే పూత. బుగ్గ ఎక్కడుందో చూసేవాళ్లే అనుకోవాలి.

అలా ఎందుకుండదో యాప్‌కి తెలియదు. బాబాయికీ తెలియదు. పదేళ్ల కిందట నాకూ తెలియదు. అప్పటినుంచి రకరకాల సరుకులతో కుస్తీ పట్టి, చాలా గుడ్డలూ కాగితాలూ పాడుచేశాక ఒక అభిప్రాయం గట్టిపడింది. రంగురంగుల బొమ్మల్లో ‘ఆహా, ఏం స్టైలు’ అని మనం మెచ్చుకునేదాంట్లో సగం వేసినవాడి ఊహ కాదు. చేతిలో సరుకు ‘ఇది నావల్ల కాదు’ అని మొండికేసిన చోట అతను చేసుకున్న సర్దుబాటు. ఆ సర్దుబాటునే మనం శైలి అంటున్నాం.

(‘మాధ్యమం’ అనాలని తెలుసు. ఆ మాట అనగానే నాకు టీవీ చర్చలు గుర్తొస్తాయి. అందుకే సరుకు అంటున్నాను. రంగు, గుడ్డ, జిగురు, కుంచె అన్నీ అందులోకే వస్తాయి.)

కరక్కాయ, బెల్లం, పక్కింటావిడ

నాకు మొదట పాఠం చెప్పింది ఒక చెడిపోయిన గుడ్డ. శ్రీకాళహస్తి వెళ్లి, అక్కడ ఒక ఇంట్లో అరుగు మీద కూర్చుని కలంకారీ వేస్తున్నాయన్ని రెండు గంటలు చూసొచ్చి, ఇంతేగా అనుకున్నాను. హైదరాబాదు రాగానే ఒక కుండలో తుప్పు మేకులు, నల్లబెల్లం, నీళ్లు వేసి బాల్కనీలో పెట్టాను. రెండు మూడు వారాలు పులియాలి. ఐదో రోజుకే పక్కింటావిడ తలుపు కొట్టి, “మీ ఇంట్లో ఎలకేమైనా చచ్చిందేమో చూసుకోండి” అని మర్యాదగా చెప్పి వెళ్లింది.

కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో గుడ్డ నానబెట్టి ఆరేశాను. ఆ నీళ్లలో గేదెపాలు కూడా కలపాలని ఆయన చెప్పాడు. లీటరు పాలు గుడ్డకి తాగించడమేమిటని మా అమ్మ అడ్డుపడింది. నాకూ నిజమే అనిపించి మానేశాను. వెదురుపుల్ల చివర ఉన్ని చుట్టి, దారంతో బిగించి, ఆ బెల్లం-ఇనుము నీళ్లలో ముంచి గీత పెట్టాను. ముందు టీ మరకలా పలచగా ఉంది. కరక్కాయ వగరు తగిలి చూస్తుండగానే నల్లబడింది. ఆ నలుపు కళ్లముందు పుట్టడం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఆ సంతోషం రెండు నిమిషాలే. నేను గీసింది సీతమ్మ ముక్కు. అది అటూ ఇటూ పాకి, ఊరి, బంగాళాదుంప అయి కూర్చుంది.

పాలు ఎందుకో అప్పుడు అర్థమైంది. పాలలోని కొవ్వు గుడ్డ పోగుల్లో చేరి సిరా పాకకుండా ఆపుతుంది. రెండోసారి అమ్మ నిద్రపోయాక పాలు కలిపాను. ముక్కు ముక్కులాగే నిలబడింది. అయితే ఇంకో సంగతి కూడా తెలిసొచ్చింది. ఆ కలానికి రబ్బరు లేదు. పడిన గీత పడినట్టే. ఉన్ని ఎంత సిరా తాగిందో గీత అంతే దూరం సాగుతుంది. బొటనవేలితో ఉన్నిని ఎంత నొక్కితే అంత లావు. తటపటాయిస్తే అక్కడ బొట్టు పడుతుంది. కాబట్టి తటపటాయించని గీతలే గీయాలి. గడ్డం కింద గుండ్రంగా తిరిగే వంపు, భుజం నుంచి మోచేతిదాకా ఆగకుండా జారే గీత, ఇవన్నీ నేను ‘కాళహస్తి స్టైల్’ అనుకున్నవే. వెదురుపుల్ల పట్టుకున్నాక అవి తప్ప వేరేలా గీయడం కష్టమని తెలిసింది.

ఎరుపు మరీ చిత్రం. ఎర్రగా కావాల్సిన చోట ముందు పటిక నీళ్లు పూయాలి. పూస్తున్నప్పుడు రంగేమీ కనిపించదు. తర్వాత గుడ్డని ఎరుపునిచ్చే చెక్క, వేళ్లతో కలిపి ఉడకబెడితే పటిక తగిలినంత మేర ఎరుపు పట్టుకుంటుంది, మిగతాది ఉతుకులో పోతుంది. అంటే రంగు వేసేటప్పుడు రంగుని చూడలేం. చూడలేనిదాన్ని మెల్లగా పలచబరుస్తూ బుగ్గ దిద్దడం ఎవరి తరం? ఎరుపు ఎక్కడ ఆగాలో ముందే నల్లగీత చెప్పాలి. గీత కంచె, రంగు చేను.

మచిలీపట్నం దగ్గరి పెడన కలంకారీ మాటేమిటి మరి? అక్కడా కరక్కాయే, పటికే, ఇనుప నలుపే. కలం బదులు చెక్క అచ్చు. అంతే తేడా, బొమ్మ మొత్తం మారిపోయింది. అచ్చు పక్కన అచ్చు పడుతుంది కాబట్టి పువ్వులు, తీగలు, ఒకదాన్నొకటి అందుకునే అంచులు. నా వాదనకి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అని చాలాకాలం మురిసిపోయాను.

ఒకసారి చరిత్ర పాఠాలు చెప్పే స్నేహితురాలికి ఇదంతా చెబితే మొత్తం విని, “కొన్నదెవరు?” అని ఒక్క ప్రశ్న వేసింది. నిజమే. మచిలీపట్నం రేవు నుంచి గుడ్డలు పర్షియాకి, యూరప్‌కి ఓడలెక్కాయి. వాళ్లకి రాముడు, సీత అక్కర్లేదు, తీగలు, పువ్వులు కావాలి. బారులకొద్దీ కావాలి. బారులకొద్దీ కావాలంటే అచ్చే దారి. కాళహస్తిలో గుడి ఉంది, గుడికి కథ కావాలి, కథకి కలం కావాలి. అంటే సరుకు శైలిని పుట్టించిందా, కొనేవాడు సరుకుని ఎంచాడా? దీనికి నా దగ్గరున్నది సగం జవాబే. ఏం గీయాలో కొనేవాడు చెప్పి ఉండొచ్చు. ఎలా కనిపించాలో మాత్రం పుల్ల, అచ్చు, పటిక తేల్చాయి. ఆమెకి ఈ సగం జవాబు నచ్చలేదు.

గీత ఎందుకుందంటే

చెరియాల్ పటం దగ్గరికి మళ్లీ వస్తాను. ఖాదీ గుడ్డకి గంజి, సుద్దమట్టి, ఉడికించి రుబ్బిన చింతగింజల జిగురు కలిపి పూతమీద పూత వేస్తారు. ఎండాక అది గోడలా తయారవుతుంది. దానిమీద జిగురు కలిపిన రంగు పెడితే గుటుక్కున తాగేస్తుంది. నేనూ ఓసారి చిన్న ముక్క మీద చేసి చూశాను. రంగు పెట్టాను, పక్క రంగుతో కలుపుదామని కుంచె తిప్పేలోపే ఆరిపోయింది. మళ్లీ తడిపితే కింది పూత లేచి బురదయ్యింది. నూనెరంగుల్లో అయితే బుగ్గని సాయంత్రందాకా తిప్పుకుంటూ కూర్చోవచ్చు. ఇక్కడ ఆ ఆట సాగదు. పరిచిన రంగు పరిచినట్టే ఉంటుంది. పరిచిన రెండు రంగులు పక్కపక్కన పడితే చెయ్యేదో చీరేదో తెలియదు. అందుకని మధ్యలో నల్లగీత. చెరియాల్ బొమ్మలోని ఆ గీత అలంకారం కాదు, అవసరం. పైగా అది ఊళ్లో జనం మధ్య కథకుడు విప్పి చూపించే పటం. వెనక వరసలో కూర్చున్న ముసలాయనకి కూడా ఎవరు ఎవరో తెలియాలి.

ఏటికొప్పాక లక్కబొమ్మ మీద చారలు గుండ్రంగా చుట్టూ ఎందుకు తిరుగుతాయి? అంకుడు కొయ్య తిరుగుతోంది కాబట్టి. తిరిగే కొయ్యకి రంగు లక్క కర్రని ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. నిలువు చార కావాలంటే యంత్రం ఆపాలి, ఆపితే వేడి పోతుంది, లక్క అంటదు. ఆ బొమ్మ గుండ్రటి పొట్ట, ఆ మెరుపు, ఆ చారలు అన్నీ ఒకే కారణానికి పిల్లలు.

బాపు గీత గురించి కూడా నాకో ఊహ ఉంది, ఆయన అభిమానులు కొట్టకపోతే చెబుతాను. ఆయన తొలిరోజుల్లో పత్రికల్లో బొమ్మలు అచ్చయ్యేది లైన్ బ్లాకుల మీద, అంటే గీతబొమ్మని అచ్చేసే లోహపు దిమ్మల మీద. లైన్ బ్లాకుకి నలుపు తెలుసు, తెలుపు తెలుసు, మధ్యలో బూడిదరంగు తెలియదు. నీడలు, మసకలు పెట్టుకున్నవాళ్లు నాసిరకం కాగితం మీద మసిగుడ్డలయ్యారు. ఒక్క గీతతో ముక్కూ, పెదవీ, పొగరూ చెప్పగలిగినవాడే నిలబడ్డాడు. మేధ ఆయనదే, అనుమానం లేదు. ఆ మేధని సన్నగా చెక్కిన ఉలి మాత్రం బ్లాకు అనుకుంటాను.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ తోలుబొమ్మ. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలుని కాగితంలా పలచగా చేసి, రంగు వేసి, ఉలితో సన్నసన్న రంధ్రాలు కొడతారు. తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన ఊరు అదే. ఆ రంధ్రాలు తెర వెనక దీపం కోసం. నగ మెరవాలంటే బంగారు రంగు పనికిరాదు, వెలుగే బయటికి రావాలి. ఆటలు తగ్గాక వాళ్లు అదే తోలుతో లాంపు షేడ్లు చేయడం మొదలుపెట్టారు. సంప్రదాయం పాడైపోయిందని వాపోయేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ లాంపులో హనుమంతుడు హాయిగా ఉన్నట్టే కనిపిస్తాడు, ఎందుకంటే వెనక దీపం ఉంది. అదే హనుమంతుణ్ని శుభలేఖ మీద అచ్చేస్తే ఆ రంధ్రాలన్నీ ఉత్త చుక్కలు. ఎందుకున్నాయో వాటికే తెలియదు, పెళ్లికూతురి బుగ్గలాగే.

అమ్మమ్మ చేతిలో పిండి

మా అమ్మమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. ధనుర్మాసంలో ఆవిడ వాకిట్లో కూర్చుంటే నెమళ్లు, తాబేళ్లు, రథాలు వాటంతటవే లేచేవి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జారేది, చెయ్యి ఆగేది కాదు. ఆగితే అక్కడ కుప్ప పడుతుంది కదా. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, ఇంత అందమైన ముగ్గులు పొద్దెక్కేసరికి కాళ్లకింద పోతున్నాయని బాధపడి, ఆవిడకి డ్రాయింగు పుస్తకం, స్కెచ్చిపెన్నులు కొనిచ్చాను. “అమ్మమ్మా, ఇందులో వెయ్యి, దాచుకుందాం” అని.

ఆవిడ బల్ల ముందు కూర్చుని పెన్ను పట్టుకున్న తీరు ఇంకా కళ్లకి కడుతుంది. చేతిలో తేలుని పట్టుకున్నట్టు. చుక్కలు పెట్టింది. గీత కలపబోతే వణికింది. నెమలి మెడ విరిగింది. నాలుగు పేజీలయ్యాక పుస్తకం మూసి, “దీంట్లో ఏమీ జారట్లేదే” అంది. అప్పట్లో నవ్వొచ్చింది. ఇప్పుడనిపిస్తుంది, ఆవిడ నెమలి ఆవిడ బుర్రలో లేదు, వేళ్లలో కూడా పూర్తిగా లేదు. కొంత పిండిలోనే ఉండేది.

ఇప్పుడు సంక్రాంతికి మా అపార్టుమెంటు ముందు ప్లాస్టిక్ జల్లెడ అచ్చులతో, గొట్టాలతో ముగ్గులు పడుతున్నాయి. గొట్టం దొర్లిస్తే తీగ వచ్చేస్తుంది. నడుంనొప్పి ఉన్నవాళ్లని నేనేమీ అనను. కానీ అన్ని వాకిళ్లలోనూ ఒకే తీగ.

సరదా సరుకుల అల్మారా

ఇక్కడిదాకా చదివినవాళ్లు, అయితే రకరకాల సరుకులు కొని ప్రయోగాలు చేస్తే స్టైలు దానంతటదే వస్తుందన్నమాట అనుకుంటే, దయచేసి మా ఇంట్లో అల్మారా చూడండి. ఆయిల్ పాస్టెళ్లు, పొడి పాస్టెళ్లు, గ్వాష్, ఆల్కహాల్ మార్కర్లు, ఒకసారి మాత్రమే మూత తీసిన రెసిన్ డబ్బా (ఆ వాసనకి రెండు రోజులు తలనొప్పి), రంగు ఇసుక, కాఫీ డికాషన్ సీసాలు. బ్యాంకు ఉద్యోగం కాబట్టి ఖర్చు లెక్క నాకు కచ్చితంగా తెలుసు, ఇక్కడ మాత్రం రాయను. ఇంట్లోవాళ్లు ఈ బ్లాగు చదువుతారు.

చాలాకాలం నేను చేసింది ప్రయోగం కాదు, షికారు. ప్రతి కొత్త సరుకూ మొదట్లో మనకో కానుక ఇస్తుంది. పలచబరిచిన ఆక్రిలిక్‌ని పలక మీద ఒంపి అటూ ఇటూ వంచండి, గెలాక్సీలు పుడతాయి. ఆల్కహాల్ సిరా చుక్క వెయ్యండి, మందారం విచ్చుకుంటుంది. ఫొటో తీసి పెడితే నలుగురూ ఆహా అంటారు. ఆ మందారం నేను వేసిందా? నేను సీసా వంచాను, అంతే. మొదటి రెండు బొమ్మలూ సరుకే వేసి పెడుతుంది. మూడోదానికి మనం ఏదో అడుగుతాం, అప్పుడది ఎదురు తిరుగుతుంది. సరిగ్గా అక్కడే నేను కొత్త డబ్బా కొనుక్కునేదాన్ని.

అందుకని నా అభిప్రాయాన్ని నేనే కొంచెం దిద్దుకోవాల్సి వచ్చింది. సరుకు మొండితనం శైలినిస్తుంది, నిజమే. కానీ ఆ మొండితనం దాకా ఓపిగ్గా వెళ్లినవాళ్లకే. పది సరుకుల మొదటి రోజు కన్నా ఒక సరుకు పదో నెల ఎక్కువ నేర్పుతుంది. ఇది చెప్పడం తేలిక, ఆ పదో నెల చాలా విసుగ్గా ఉంటుంది.

బెంగాలీ చిత్రకారుడు జామినీ రాయ్ గుర్తొస్తాడు. కలకత్తా ఆర్టు స్కూల్లో విదేశీ పద్ధతిలో చదువుకుని, నూనెరంగుల్లో చక్కటి పోర్ట్రెయిట్లు వేసి పేరు తెచ్చుకున్నవాడు. బుగ్గల్ని సాయంత్రందాకా దిద్దగలిగే చెయ్యి అది. దాన్ని వదిలేసి, కలకత్తాలో కాళీఘాట్ గుడి దగ్గర అమ్మే పటాల దారి పట్టాడు. గుడ్డ, చాప, అట్ట మీద మట్టి రంగులు, దీపం మసి, అదీ గుప్పెడు రంగులతో సరి. చేతకాక బొమ్మని చదును చెయ్యలేదు. చేతనైనదాన్ని చెయ్యనివ్వని సరుకుని వెతుక్కుని మరీ పట్టుకున్నాడు. ఆ తర్వాత దాన్ని వదల్లేదు, 1972లో పోయేదాకా.

లక్ష్మాగౌడ్ మేక

ఇప్పుడు నా వాదనని నిజంగా ఇబ్బంది పెట్టే మనిషి దగ్గరికి వస్తున్నాను. కె. లక్ష్మాగౌడ్. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టి, హైదరాబాదులోనూ బరోడాలోనూ చదువుకుని, లోహపు రేకు మీది గీతల్ని ఆసిడ్‌తో తినిపించి అచ్చు తీసే ఎచింగ్‌తో మొదలుపెట్టి నీటిరంగులు, పాస్టెళ్లు, గాజు, మట్టి, కంచు దాకా అన్నింటినీ ముట్టుకున్నాయన. ఆయన మేకని ఎచింగ్‌లో చూడండి, సన్నటి వెంట్రుకవాసి గీతలతో అల్లిన మేక. మట్టిలో చూడండి, గీతే లేదు, వేలిముద్రలున్నాయి. అయినా గది ఆ చివరినుంచి చూసినా అది లక్ష్మాగౌడ్ మేకే. ఆ మనుషుల మెడలు, ఆ చూపు, ఆ పల్లెటూరి మొరటు కోరిక ఎక్కడికెళ్లినా వెంటే వస్తాయి.

శైలి సరుకులోంచే పుడితే ఇదెలా? రేకు వేరు, మట్టి వేరు. రేకుని ఆసిడ్ తింటుంది, మట్టిని నిప్పు తింటుంది. మేక మాత్రం ఎవరికీ లొంగలేదు.

చాన్నాళ్లు ఈ ప్రశ్న తప్పించుకు తిరిగాను. చివరికి నాకు తోచింది ఇది. ఒకే సరుకులో ఉన్నంతకాలం ఏది నీదో ఏది సరుకుదో నీకు తెలియదు. వెదురుపుల్ల ఇచ్చిన వంపుని నీ వంపనుకుని మురుస్తావు. సరుకు మారిస్తే పాతది తన వాటా తను పట్టుకుపోతుంది. నాలుగుసార్లు మార్చాక కూడా ఏదైనా మిగిలితే అది నీది. లక్ష్మాగౌడ్‌కి మేక మిగిలింది. నాకింకా ఏం మిగిలిందో తెలియదు. బహుశా మొహాలకి కొంచెం పెద్ద ముక్కులు వేస్తానేమో, ఆ బంగాళాదుంప నాటినుంచి.

బరోడా ఆర్టు కాలేజీలో ఆ తరానికి గురువు కె.జి. సుబ్రమణ్యన్. ఆయన చెయ్యిపెట్టని సరుకు వెతకాల్సిందే. టెర్రకోట గోడలు, నేత, గాజు మీద వెనకనుంచి వేసే బొమ్మలు, పిల్లల ఆటబొమ్మలు కూడా. పెద్ద కళ, చేతిపని అని గీత గీసి కూర్చునేవాళ్ల మధ్య ఆయన కొయ్యముక్కలతో బొమ్మలు చేసి సంతకి పెట్టేవాడు. ఆ మనిషి దగ్గర చదువుకున్నవాళ్లలో తోట వైకుంఠం కూడా ఉన్నాడు. ఆయన దారి ఇంకోటి. ముందు బొగ్గుతో గీసి, తర్వాత రంగుల్లోకొచ్చి, ఎర్రటి బొట్టు, ముదురు రంగు చీర, తమలపాకులు, భుజాన చిలక ఉన్న తెలంగాణ ఆడవాళ్లతోనే దశాబ్దాలు గడిపాడు. ఎప్పుడూ అవే వేస్తాడని విసుక్కునేవాళ్లని నేనూ విన్నాను. ఒకప్పుడు నేనూ విసుక్కున్నాను. అల్మారా నిండాక మానేశాను.

మా తమ్ముడి కూతురు మాత్రం నా సిద్ధాంతాన్ని చీపురుకట్ట తిరగేసినట్టు తిరగేసింది. అది ట్యాబ్‌లో బొమ్మలు వేస్తుంది. “అత్తా, నీ లెక్క ప్రకారం నాకు స్టైలే రాదన్నమాట. ట్యాబ్ దేనికీ కాదనదుగా, అన్‌డూ ఉంది, కోటి రంగులున్నాయి” అంది. అవును, అందుకే రాదు అన్నాను కొంచెం పెద్దరికంగా. అది మాట్లాడకుండా ఫైలు తెరిచి చూపించింది. నెలరోజులుగా నాలుగే రంగులు, ఒకటే కుంచె, లేయర్లు లేవు, అన్‌డూ వాడకూడదని తనకు తనే పెట్టుకున్న నియమం. బస్టాపులో మనుషులు. గీతలు తప్పిన చోట తప్పినట్టే ఉన్నాయి, ఒకామె చేతికి ఆరు వేళ్లు. బొమ్మలు నా వాటికన్నా బాగున్నాయి. సరుకు మొండికెయ్యకపోతే మనమే దానికి మొండితనం నేర్పొచ్చన్నమాట. ఇది నాకు తట్టలేదు. శస్త్రచికిత్స తర్వాత మంచం, చక్రాల కుర్చీ మధ్య గడిపిన ఫ్రెంచి చిత్రకారుడు ముసలి మతీస్ కత్తెర పట్టుకుని రంగు కాగితాలు కత్తిరించాడని ఇన్నేళ్లూ అందరికీ చెబుతూ వచ్చాను. ఆయనకి కత్తెరనిచ్చింది జబ్బు. మా పిల్లకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు, తనే తెచ్చుకుంది.

అద్దం

ప్రస్తుతం నేను గాజు మీదున్నాను. తంజావూరు గాజుబొమ్మలు చూసినవాళ్లకి ఇది తెలుసు. గాజు వెనక వేస్తాం, ముందునుంచి చూస్తాం. అందుకని అంతా తలకిందులు. కాగితం మీద చివర్లో ముచ్చటగా దిద్దుకునే నగ, కనుపాప, పాపిటబిళ్ల ఇక్కడ అన్నిటికన్నా ముందు పడాలి. తర్వాత కంటి తెలుపు, ఆ తర్వాత ముఖం, చీర, చిట్టచివర వెనక గోడ. ముఖమే లేని గాజు మీద గాల్లో వేలాడే ముక్కుపుడక పెట్టడానికి ధైర్యం కావాలి. ముక్కు ఎక్కడ వస్తుందో పుడకకి ముందే తెలియాలి.

పాత ఫొటోఫ్రేము ఒకటి విప్పి, గాజు కడిగి, పదకొండు రోజులు కూర్చున్నాను. రెండు నల్లటి కనుపాపలు మొదటిరోజు నుంచీ నన్నే చూస్తున్నాయి. చెవులకి బుట్టలు, మెళ్లో కాసులపేరు, జడలో కనకాంబరాలు, ఒక్కొక్క కాసూ సూదిమొనతో గీకి మెరుపు తెచ్చాను. తర్వాత పసుపు ముఖం, చదునుగా, ఒకటే పూత. బుగ్గ లేదు. ఎర్రచీర. ఆకుపచ్చ గోడ. రాత్రి పదకొండింటికి ఆరాక గాజు తిప్పి దీపానికి పట్టుకున్నాను.

నుదుటిమీద బొట్టు లేదు.

బొట్టు ఉండాల్సిన చోట పసుపు ముఖం ఎప్పుడో పరుచుకుని ఉంది. ఇప్పుడు వేస్తే ముఖం వెనక పడుతుంది, కనిపించదు. బ్లేడుతో గీకబోతే కనుబొమ కొస లేచింది, ఆపేశాను. పొద్దున మేనకోడలు వచ్చి గాజుని అటూ ఇటూ తిప్పి, “దీనికి అన్‌డూ లేదుగా” అంది. వెటకారమో సానుభూతో తెలియలేదు. తర్వాత లోపలికెళ్లి, మా అమ్మ అల్మారా అద్దానికి వరసగా అంటించుకున్న స్టిక్కర్లలోంచి ఒక పెద్ద మెరూన్ బొట్టు ఊడదీసుకొచ్చి, గాజుకి ముందువైపు, నుదుటి మీద అంటించింది.

రంగు వెనక ఉంది, బొట్టు ముందుంది. పక్కనుంచి చూస్తే రెంటికీ మధ్య గాజు మందం కనిపిస్తుంది, బొట్టు నీడ సన్నగా నుదుటి మీద పడుతుంది. అలాంటి నీడని నేను వేద్దామన్నా వెయ్యలేను.

బొమ్మ ఇప్పుడు హాల్లో ఉంది. మా అమ్మ శుక్రవారం శుక్రవారం దాని బొట్టు మారుస్తోంది.